పార్లరక్క, పడమటి గాలి

పార్లరక్కని పీతల పడవవాళ్ళు సముద్రంలోంచి ఎత్తుకొచ్చి ఒడ్డున దింపిన రోజు, పొద్దు వాలేలోగా ఊళ్ళో రెండు కథలు తయారయ్యాయి. ఒకదాంట్లో ఆవిడ చచ్చిపోయింది. రెండోదాంట్లో చావడానికే వెళ్ళింది. మర్నాడు ఆవిడ మామూలుగా షట్టరెత్తి, అద్దాలు తుడిచి, దువ్వెనలు వేడినీళ్ళలో వేసేసరికి రెండు కథలవాళ్ళూ నోళ్ళు వెళ్ళబెట్టారు. మొదట వచ్చిన బట్టలకొట్టావిడ కుర్చీలో కూర్చుని, అద్దంలోంచే ఆవిడని ఎగాదిగా చూసింది.

"నిజం చెప్పు, దెయ్యానివి కాదు కదా?"

"దెయ్యాన్నైతే నీ చుండ్రుతో నాకేం పని?" అంది పార్లరక్క.

నవ్వించిందే గానీ, ఆవిడ అరచేతులు బొబ్బలెక్కి కత్తెర పట్టనివ్వడం లేదు. వేళ్ళ సందుల్లో ఉప్పు ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

మందుల షాపుకీ, తాళాలు బాగుచేసే అతని బడ్డీకీ మధ్య ఇరుక్కున్న ఒంటి గది ఆవిడ పార్లరు. రెండు కుర్చీలు. అందులో ఒకటి కూర్చున్నవాళ్ళతో సహా మెల్లగా కిందికి దిగిపోతుంటుంది కాబట్టి దాంట్లో పొడుగువాళ్ళకే చోటు. పార్లరక్క యాభై దాటిన మనిషి, ఎముకపుష్టి ఉన్న మనిషి, గొంతు కూడా గట్టిదే. పిల్లలిద్దరూ ఉద్యోగాలని వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు. భర్త బేకరీ వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే రొట్టెలు పంచడానికి బయల్దేరి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి నిద్రపోతాడు. మాటలు రొట్టెల కన్నా పొదుపుగా పంచే మనిషి. పై అంతస్తులో అత్తగారు. ఒక చెవి వినపడదు, కానీ తన గురించి ఎవరైనా ఏమైనా అంటే రెండు చెవులూ వినపడతాయి.

పార్లరక్కని చిన్నప్పటి నుంచీ "గాలివాటం మనిషి" అనేవాడు అన్నయ్య. ఎటు తోస్తే అటు పోతుందని. అది నిజమే. నర్సింగు చదువుతానంటే అన్నయ్య వద్దన్నాడు, సరేనంది. షాపు పెద్ద వీధిలో పెడదామనుకుంటే ఆయనే ఈ సందు చాలన్నాడు, దానికీ సరేనంది. ఆవిడ సరే అనని సంగతి ఒకటి వచ్చిందంటే అది తెరచాప టీచరు జుట్టు వల్లే.

ఆ టీచరు ముప్పై ఏళ్ళ అమ్మాయి. సముద్రం ఒడ్డున విండ్‌సర్ఫింగ్ నేర్పేది. తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి, గాలి పట్టుకుని నీళ్ళ మీద దూసుకుపోవడమే ఆ ఆట. ఎండకీ ఉప్పుకీ జుట్టు కొబ్బరిపీచులా తయారై షాపుకి వచ్చింది. చిక్కులు తీయలేక పార్లరక్కకి భుజాలు పడిపోయాయి.

"ఏం చేస్తావమ్మా ఈ జుట్టుని ఇలా? తలకిందులుగా ఈదుతావా?"

"ఒకసారి వచ్చి చూడు అక్కా. అప్పుడు చెబుతా."

వెళ్ళింది. నవ్వులాటకి బోర్డెక్కి, ఎక్కినన్నిసార్లూ పడింది. ఇంటికొచ్చి మోకాళ్ళకి మందు రాసుకుంటూ, ఇన్నేళ్ళలో ఏ పనీ ఇంత బాగా పాడుచెయ్యలేదని తనలో తను నవ్వుకుంది. ఆ వారమే మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత టీచరు దగ్గరే పాత బోర్డూ, అతుకులేసిన తెరచాపా తీసుకుంది. వంటింటి వెనక వసారాలో వాటికి చోటు చేసింది. ఏడాది తిరిగేసరికి పడకుండా నిలబడగలిగేది, తిన్నగా పోయి తిన్నగా రాగలిగేది. సముద్రం తనకి వచ్చేసిందనుకుంది.

ఆ అనుకోవడమే ఆ రోజు పీకల మీదికి తెచ్చింది. ఊరి బీచిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అల లేదు, నురుగు లేదు. టీచరు ఊళ్ళో లేదు. ఇంత నెమ్మదిగా ఉన్న సముద్రం మళ్ళీ దొరకదని దిగింది. గాలి పడమటి నుంచి వస్తోంది. అంటే ఊరి మీంచి సముద్రంలోకి. ఒడ్డున ఉన్న మేడలు అడ్డుపడి ఇసుక దగ్గర అది తెలియలేదు. మేడల చాటు దాటగానే ఎవరో మెడపట్టి గెంటినట్టు గాలి తెరచాపని లాగేసింది. పడింది. లేచింది. మళ్ళీ పడింది. లేచినప్పుడల్లా ఊరు ఇంకొంచెం చిన్నదైపోయింది. చివరికి బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసింది. తోసినకొద్దీ వెనక్కే పోయింది. పీతల బుట్టలు తీసుకుంటున్న పడవవాళ్ళు చూడకపోయి ఉంటే ఊళ్ళో మొదటి కథే నిజమయ్యేది.

షాపు తెరిచిన ఆ రోజు సాయంత్రం ఇంట్లో పంచాయితీ. అన్నయ్య వచ్చాడు. ఆయనకి సిమెంటు గోడౌను ఉంది, ముక్కు మీద కోపం ఉంది, చెల్లెలంటే ప్రాణం ఉంది. తండ్రి తొందరగా పోతే ఆయనే ఆవిడని పెంచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఏడ్చాడో ఏమో, దాన్ని అరుపుల కింద దాచేశాడు.

"బుజ్జీ, ఇవాళ్టితో ఆ బోర్డు అమ్మెయ్. ఇంక ఆ మాటే ఎత్తకు."

"తప్పు బోర్డుది కాదు అన్నయ్యా. గాలి చూసుకోకుండా దిగాను. తప్పు నాది."

"తప్పని తెలిసింది కదా, మానెయ్."

"తప్పు చేశాక నేర్చుకుంటారు గానీ మానేస్తారా? నువ్వు తడిసిన సిమెంటు కొన్న ఏడాది గోడౌను మూసేశావా?"

ఆయన కయ్యిమన్నాడు. "నాన్న పోయిన దగ్గర్నుంచీ నిన్ను పెంచింది ఇలా నాకే ఎదురు చెప్పడానికా?"

"పెంచావు. పెరిగాను. ఇంకా ఎంత పెంచుతావు?"

పార్లరక్క భర్త వంక చూసింది. ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. ఆ చూపు ఆవిడని సముద్రం కన్నా ఎక్కువ ముంచింది. మెట్ల మీంచి అత్తగారే మాట్లాడింది, అదీ అన్నయ్యతో.

"నా కోడలు మునిగిపోతే నాకు తల దువ్వేదెవరు నాయనా? నువ్వు దువ్వుతావా?"

అది ఎవరి వైపు మాటో ఎవరికీ అర్థం కాలేదు.

మర్నాడు షాపు నుంచి వచ్చేసరికి వసారా ఖాళీగా ఉంది. గోడకి ఉప్పు మరకలు తప్ప ఏమీ లేవు. భర్త మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మీ అన్నయ్య పట్టుకెళ్ళాడు. గోడౌన్లో పెడతానన్నాడు."

"అంత పెద్ద బోర్డుని ఆయనొక్కడే ఎలా ఎక్కించాడు?"

ఆయన దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాడు. "బరువుగా ఉంటే ఒక చెయ్యి వేశాను."

పార్లరక్క అరవలేదు. కాళ్ళకి బూట్లు వేసుకుని, తువ్వాలు చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని వీధిలో పడింది. గోడౌన్లో కూలీలు లారీ దింపుతున్నారు. అన్నయ్య బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. బోర్డు బస్తాల వెనక గోడకి ఆనించి ఉంది.

"అది నాది," అంది.

"ఇవ్వను," అన్నాడు.

"అడగలేదు. చెప్పాను."

బస్తాల మధ్య నుంచి వెళ్ళి, బోర్డు నెత్తికెత్తుకుంది. కూలీలు పని ఆపేశారు. ఒకతను దారి ఇచ్చాడు. పెద్ద వీధి పొడుగునా, బస్టాపు ముందు నుంచి, బ్యాంకు ముందు నుంచి, తన షాపు సందు మొదలు దాటి ఆవిడ అలాగే నడిచింది. కిటికీలు తెరుచుకున్నాయి. బస్సు హారను కొట్టకుండా ఆగింది. బోర్డు ఇంట్లో దింపి, నీళ్ళు తాగి, మళ్ళీ గోడౌనుకి నడిచింది. తెరచాపా, దాని కర్రా ఇంకా అక్కడే ఉన్నాయి మరి.

అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "మళ్ళీ వచ్చావా? ఊరు ఒకసారి నవ్వింది చాలదా?"

"సగం సామాను పెట్టుకుని నువ్వేం చేస్తావు? జరుగు."

జరిగాడు. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియదు. కర్ర భుజాన, తెరచాప చుట్ట చంకన పెట్టుకుని ఆవిడ అదే వీధి వెంట ఇంకోసారి నడిచింది. మొదటిసారి నవ్వినవాళ్ళు రెండోసారి నవ్వలేదు.

టీచరు ఊరి నుంచి వచ్చాక విషయం విని మెచ్చుకుంటుందనుకుంటే, ఇంతెత్తున లేచింది.

"ఆ రోజు గాలి ఎటు నుంచి అక్కా?"

"పడమర."

"మరి ఊరి బీచిలో ఎందుకు దిగావు? నీళ్ళు నున్నగా ఉన్నాయనా? ఒడ్డు మీంచి గాలి వస్తే నీళ్ళు ఎప్పుడూ నున్నగానే ఉంటాయి. అదే దాని మాయ."

ఇసుకలో నిలబెట్టి, గాలికి వీపు పెట్టమంది. "ఇప్పుడు నీ మొహం ఎటుందో చూడు. నువ్వు పడిపోయి, చేతులు పడిపోయి, ఏమీ చెయ్యలేకపోతే గాలి నిన్ను తీసుకుపోయేది అటే. అటు ఇసుక ఉంటే దిగు. ఉత్త నీళ్ళుంటే సామాను ఎత్తుకుని ఇంకో చోటికి పో."

ఆ ఊరికి ఇంకో చోటుంది, అదే అదృష్టం. ఊరు సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ పక్కన ఉంది. ఊరి బీచి తూర్పు ముఖం. దానికి ఉత్తరపు గాలో దక్షిణపు గాలో మంచిది. ఒడ్డు వెంబడి పక్కగా వీస్తుంది, పోయిన చోటికే తిరిగి రావచ్చు. తూర్పు గాలైతే ఒడ్డు మీదికే కొడుతుంది. ప్రాణభయం లేదు గానీ అలలు దాటి లోపలికి పోనివ్వదు, చెంపలు వాయించి ఇసుకలో కూర్చోబెడుతుంది. పడమటి గాలి వస్తే కొండ చుట్టి లాడానికి పోవాలి. గుర్రపు లాడంలా వంగిన ఇసుక తీరం అది, దక్షిణపు ముఖం. పడమటి గాలి అక్కడ పక్కగాలి అవుతుంది. పైగా దాని తూర్పు కొస మోచెయ్యి మడిచినట్టు సముద్రంలోకి వచ్చి ఉంటుంది కాబట్టి, పడ్డవాళ్ళని గాలి ఆ ఇసుక ఒళ్ళోకే తోస్తుంది. ఉత్తరం గాలిలో మాత్రం లాడం వైపు కన్నెత్తి చూడకూడదు. ఇక కొత్తవాళ్ళకీ, బలంలేని గాలికీ ఉప్పు మడుగు ఉంది. ఎటు పడ్డా నడుముల్లోతే.

పార్లరక్క ఆ చలికాలమంతా మడుగులోనే గడిపింది. పడితే తిట్టుకునేది, లేస్తే పాడుకునేది. షాపులో జుట్టు కత్తిరిస్తూనే పక్కనున్న మందుల షాపు తెర ఎటు ఊగుతోందో చూసేది. ఫోన్లో గాలి దిక్కు చెప్పే బాణం గుర్తు చూసేది. అయినా వీధుల్లో గాలి మూలలు తిరిగి అబద్ధాలు చెబుతుందని తెలుసు కాబట్టి, ఒడ్డుకి వెళ్ళి ఇసుకలో నిలబడి వీపు పెట్టి చూసే దాకా ఏదీ నమ్మేది కాదు. మేడ మీద తీగకి ఆరేసిన బట్టలు చూసి అత్తగారు కూడా కిందికి కేకేసేది. "ఏమే, నా దుప్పటి పడమరకి ఎగురుతోంది! మంచిదేనా?"

"ఇవాళ బీచి మీదికి కొడుతుంది అత్తయ్యా, వెళ్ళను!"

"అయితే వచ్చి తల దువ్వు!"

వేసవి మొదట్లో దక్షిణపు గాలి తిరిగిన రోజు ఊరి బీచికి వెళితే, ఒడ్డున కాపలా ఉండే గార్డు అడ్డుపడ్డాడు.

"మీరు దిగడానికి లేదమ్మా. మీ ఇంటాయన్ని తీసుకురండి. ఆయన సరేనంటే వదులుతా."

"ఆయనకి ఈతే రాదు. ఆయన సరేనంటే సముద్రం వింటుందా?"

"మీ అన్నయ్యగారు వచ్చి గట్టిగా చెప్పి వెళ్ళారు."

ఆవిడ నీళ్ళ వైపు చెయ్యి చూపించింది. నెరిసిన గడ్డం ఉన్న ఒకాయన తెరచాప ఎత్తుకుంటున్నాడు. "ఆయన ఇంటావిడ ఏమంది?"

గార్డు బుర్ర గోక్కున్నాడు. "ఆయన్నెవరూ అడగలేదు."

"నన్నూ అడగకు. నా ఈత మీద అనుమానం ఉంటే చూడు, గాలి మీద అనుమానం ఉంటే అడుగు, జవాబు చెబుతా. ఇంటాయన సంగతి ఇంట్లో చూసుకుంటా."

దిగింది. గార్డు బుగ్గలు నొప్పెట్టే దాకా విజిల్ ఊదాడు. ఆవిడ ఒడ్డుకి అడ్డంగా దూసుకుపోయి, మలుపు తీసుకుని, సరిగ్గా అతని ముందుకే తిరిగొచ్చి, "అయిందా?" అని అడిగి మళ్ళీ వెళ్ళింది.

తాడోపేడో తేలింది మాత్రం ఆ ఏడాది నీటి ఆటల పోటీ రోజున. ఊరి బీచిలో జెండాలు, కుర్చీలు, మైకు. టీచరూ పార్లరక్కా ఇద్దరూ పోటీలో ఉన్నారు. పొద్దెక్కేసరికి గాలి తిరిగి పడమటి నుంచి బలంగా పట్టుకుంది. జెండాలన్నీ సముద్రం వైపు చాచుకున్నాయి. పోటీ పెట్టిన క్లబ్బువాళ్ళు దాన్ని రద్దు చేశామని మైకులో చెప్పారు. వచ్చిన జనం ఉసూరుమన్నారు. ఎవరో అన్నారు, "పార్లరక్క ఉందిగా, ఆవిడ దిగుతుంది చూడండి." ఆ మాట నోటినోటా పాకి చప్పట్లైంది.

అన్నయ్య జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "దిగు బుజ్జీ. నన్ను కాదని, ఊరంతా ఊరేగావు కదా. ఇప్పుడు దిగు చూద్దాం."

ఆయన లెక్క ఆయనకుంది. అందరి ముందూ చెల్లెలు వెనకడుగు వేస్తే ఇక ఎప్పటికీ ఆ బోర్డు మాట ఎత్తలేదని.

"దిగను," అంది ఆవిడ.

"భయమా?"

"భయమే. ఈ గాలికి ఇక్కడ దిగితే ఏమవుతుందో నాకు తెలిసినంత ఈ జనంలో ఎవరికీ తెలియదు. నువ్వు పొమ్మన్నావని చావను, నువ్వు వద్దన్నావని మానను. లాడానికి పోతున్నా. చూడాలనుంటే రా."

చప్పట్లు ఆగి కూతలు మొదలయ్యాయి. "పారిపోతోందిరోయ్!" అన్నారెవరో. పార్లరక్క చెవులు ఎర్రబడ్డాయి. అయినా బోర్డెత్తి వ్యాను దగ్గరికి నడిచింది. భర్త డోరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వ్యాను తీస్తారా, నన్ను నడవమంటారా?"

ఆయన భార్యని చూశాడు, బావగారిని చూశాడు. తర్వాత బోర్డు అందుకుని వ్యాను పైన పెట్టి, తాడు రెండు చుట్లు వేసి బిగించాడు. అన్నయ్య దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి, జీవితంలో మొదటిసారి ఆయనకి ఎదురు చెప్పాడు. "బావగారూ, ఆ రోజు బోర్డు ఎక్కించడానికి మీకు చెయ్యి వేసినందుకు ఇన్నాళ్ళూ నాకు నిద్ర సరిగ్గా లేదు. తప్పుకోండి."

లాడంలో జనం లేరు. టీచరు, ఇంకో నలుగురు ఆటగాళ్ళు, వెనకే కార్లో అన్నయ్య, పక్క సీట్లో వదిన. పార్లరక్క ఇసుకలో నిలబడి గాలికి వీపు పెట్టింది. ఎదురుగా తూర్పు కొస, పసుపుపచ్చగా, దగ్గరగా. తెరచాపకి తగిలించుకునే నడుం బెల్టు బిగించుకుని దిగింది.

మొదటి విసురుకే పడింది. ఒడ్డున అన్నయ్య కారు డోరు తెరుచుకుంది. గాలి ఆవిడని చెప్పినట్టే ఇసుక కొస మీదికి తోసింది. మోకాళ్ళ లోతులో లేచి నిలబడి, ముక్కులోంచి నీళ్ళు చీది, బోర్డు లాక్కుంటూ మొదటి చోటికి నడిచొచ్చింది. మళ్ళీ ఎక్కింది. ఈసారి గాలి తెరచాపలో నిండింది. ఒళ్ళంతా వెనక్కి వాల్చి దాన్ని ఆపింది. బోర్డు ముక్కు లేచింది, కింద నీళ్ళు చిటపటలాడాయి. అంతదాకా ఆవిడని గెంటుతూ వచ్చిన గాలి ఇప్పుడు ఆవిడ చేతుల్లో పని చేస్తోంది. గొంతెత్తి అరిచింది. మాటలేం కావు, ఉత్త అరుపు.

"చాలు! వచ్చెయ్!" అన్నయ్య ఒడ్డు నుంచి కేకేశాడు.

"గాలి పడ్డాక వస్తా!"

గాలి సాయంత్రం దాకా పడలేదు. ఆవిడ ఒళ్ళు హూనమై ఒడ్డుకొచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే, చొక్కా నిండా ఇసుకతో ఉన్నాడు.

"నీ ఖర్మ. ఇక నువ్వు చచ్చినా నా దగ్గరికి రాకు."

"చచ్చాక ఎలా వస్తానన్నయ్యా?"

కార్లో వదిన పక్కకి తిరిగి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య విసురుగా డోరు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన చాలాకాలం ఆ ఇంటి గడప తొక్కలేదు. పార్లరక్క బతిమాలనూ లేదు, పోట్లాడనూ లేదు. రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. గాలి తిరిగినప్పుడల్లా వ్యాను పైన బోర్డు పెట్టుకుని ఊరి బీచికో, లాడానికో, మడుగుకో పోతూనే ఉంది. దిగకుండా వెనక్కొచ్చిన రోజులూ ఉన్నాయి. అలా వచ్చిన రోజున ఎవరైనా వెటకారం చేస్తే, "రేపు నువ్వే రా, ఇద్దరం పడదాం" అనేది. బట్టలకొట్టావిడ నిజంగానే వచ్చింది. తాళాలతని కూతురూ వచ్చింది. గార్డు ఇప్పుడు గాలి సంగతి మాత్రమే అడుగుతాడు.

ఒక మధ్యాహ్నం వదిన ఒంటరిగా షాపుకొచ్చి, కిందికి దిగిపోయే కుర్చీలో కూర్చుంది. జుట్టు కొసలు కత్తిరించమంది. సగంలో గొంతు తగ్గించింది.

"నాకూ నేర్పుతావా? మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు."

పార్లరక్క కత్తెర ఆపింది. "దొంగతనంగా అయితే నేర్పను వదినా. చెప్పి రా. అడగక్కర్లేదు, చెప్పు చాలు."

వదిన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. ఇక రాదనుకుంది పార్లరక్క. మర్నాడు బోర్డు వ్యాను మీద కడుతుంటే, చేతిసంచిలో తువ్వాలు పెట్టుకుని, ఆయాసపడుతూ వీధి మలుపు తిరిగి వచ్చింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఇంకా అంటూనే ఉన్నాడు. నేను మధ్యలో వచ్చేశా. ఇవాళ గాలి ఎటు?"